నూనె లేని జడ

మనిషి పట్టేంత గొట్టంలో పడుకోబెట్టి, ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చే చికిత్స అమ్మకు ఈ రోజు ఇరవై మూడోసారి. మొత్తం 40 అన్నారు, శని ఆదివారాలు సెలవు.

పొద్దున బయలుదేరేటప్పుడు మళ్లీ అదే గొడవ. కొబ్బరినూనె సీసా పట్టుకుని "ఒక్క చుక్క రాసుకుంటే ఏమవుతుందే?" అంటుంది. అచ్చమైన ఆక్సిజన్ నింపే గొట్టంలోకి నూనె, పౌడరు, ఫోను, గడియారం ఏవీ పోకూడదు. నిప్పురవ్వ పుడితే ఇక అంతే. చీర కూడా కుదరదు, వాళ్లిచ్చే నూలు గౌనే. పొడి జుట్టుతో గడప దాటడం అమ్మకు జబ్బుకన్నా పెద్ద అవమానం.

ఆరేళ్ల క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను రేడియేషనే తగ్గించింది. మొన్న సంక్రాంతికి మూత్రంలో రక్తం కనిపిస్తే జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాం. లోపలికి కెమెరా పంపి చూస్తే అది కాదు. అప్పటి కిరణాలు పక్కనున్న మూత్రాశయానికీ తగిలాయి. అక్కడి సన్నని రక్తనాళాలు ఏళ్ల తరబడి మూసుకుపోతూ వచ్చాయి. నెత్తురు సరిగా అందక గోడ పుండై కారుతోందట. ప్రాణం నిలిపిన వైద్యాన్ని తిట్టుకోవడానికి నాకు నోరు రాలేదు.

ఒత్తిడి పెంచితే ఆక్సిజన్ రక్తద్రవంలోనే కరిగి, ఎండిన చోటికి చేరి, కొత్త నాళాలు మొలిచేలా చేస్తుంది. అవి మొలవాలి కాబట్టే ఇన్ని రోజులు. నార్డిక్ దేశాల్లో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలోనూ 30 నుంచి 40 సార్లు ఇచ్చారని, చాలామందికి బాధ తగ్గిందని, అందరికీ కాదని డాక్టరుగారు దాచకుండా చెప్పారు.

తలుపు బిగించారు. లోపల ఒత్తిడి మామూలుకన్నా 2.4 రెట్లు, సముద్రంలో 14 మీటర్ల లోతున ఉన్నంత. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కినట్టు చెవులు దిబ్బడ వేస్తాయని అమ్మ అంటుంది. గుటకలు మింగుతూ అద్దంలోంచి నాకు చెయ్యి ఊపింది. గంటన్నర. మధ్యలో ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ రాకుండా రెండుసార్లు మాస్కుతో మామూలు గాలి ఇస్తారు.

మూత్రం మొదట్లో దానిమ్మ రసం రంగు. ఇప్పుడు పలచని డికాక్షన్. నిన్న చిన్న నెత్తురు గడ్డ ఒకటి పడితే రాత్రంతా నిద్ర లేదు నాకు. అమ్మ మాత్రం హాయిగా పడుకుంది.

తిరుగుదారిలో బస్టాపులో కూర్చుని, కళ్లద్దాలు లేకుండా పేపరు చదివేసింది! ఈ చికిత్సతో కొన్నాళ్లు దగ్గరిచూపు తేటపడుతుందని, దూరం మసకబారుతుందని, తర్వాత మామూలవుతుందని ముందే చెప్పారు. "పదేళ్లు చిన్నదాన్నయ్యాను" అని మురిసిపోతూ తలెత్తి, "అదుగో, మన బస్సు" అని లేచి నిలబడింది.

నీళ్ల ట్యాంకరు.