అనంతగిరి వాలు, కోట్‌పల్లి నీళ్లు

వికారాబాద్ పక్కనున్న అనంతగిరి మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలున పడ్డ నీళ్లు మూసీ అయి గండిపేట జలాశయం మీదుగా హైదరాబాద్‌కు వస్తాయి. పడమటి వాలున పడ్డవి వాగుల్లో కలిసి కాగ్నా నదికి, అక్కడి నుంచి భీమాకు పోతాయి. చివరికి రెండూ చేరేది కృష్ణకే. భీమా రాయచూరుకు ఉత్తరాన కృష్ణలో కలిస్తే, మూసీ హైదరాబాద్ నడిబొడ్డున పారి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కలుస్తుంది. ఇదంతా మ్యాపులో ఎప్పుడో చూశాను. కానీ ఆ కొండ మీద సైకిలు తొక్కి, దాని పడమట ఉన్న కోట్‌పల్లి చెరువులో కయాక్ నడిపాకే నాకు ఒంటికి పట్టింది.

మా గుంపు చిన్నది. బ్యాంకులో పనిచేసే అక్క, సైకిల్ షాపు నడిపే అన్న, తాండూరులో పుట్టి పెరిగిన లెక్చరర్ మిత్రుడు, అతని తమ్ముడు, నేను. నీళ్ల మీద మా అందరిలోకీ అక్క గట్టిది, బాట మీద అన్న. మిగతావాళ్లం వాళ్లిద్దరినీ చూసి నేర్చుకుంటూ వస్తున్నాం.

మా ఏడాది తొలకరితో మొదలవుతుంది. జూన్, జులైల్లో చెరువులో ఇంకా నీళ్లు చేరవు, చేలగట్ల బాటలన్నీ నల్లరేగడి. ఆ మట్టి టైరుకు అంటుకుని, చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని కాసేపట్లోనే చక్రం తిరగదు. ఇక సైకిలును భుజాన మోయాల్సిందే. కొండ మీద మాత్రం అలా కాదు. అక్కడ పైన ఉన్నది ఎర్ర మొరం. వాన వెలిసిన మర్నాడే హాయిగా తొక్కొచ్చు. రేగడి పుట్టింది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి నుంచి. అదే రాయి కొండ నెత్తిన ఎండకూ వానకూ యుగాల తరబడి నాని, ఎండి, ఇనుము మిగిలి ఎర్రబడింది. అందులో నిండా బెజ్జాలే, నీరు నిలవదు. లోపలికి ఇంకి, దిగువన ఊటలుగా బయటపడుతుంది. అందుకే వానాకాలమంతా మాకు కొండే దిక్కు. సెప్టెంబర్‌కు చెరువు నిండుతుంది. అప్పటి నుంచి సంక్రాంతి దాకా కయాక్ కాలం. మాఘంలో నీళ్లు తగ్గేసరికి కొండ మీద మోదుగులు ఎర్రగా పూస్తాయి, మళ్లీ సైకిళ్లు బయటికొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదికే ఇంటి దారి పడతాం.

ఈ రెండూ ఒకే ప్రయాణంలో కుదిరేది దసరా వెళ్లిన వారాల్లోనే. చెరువు నిండుగా ఉంటుంది, కొండ బాట ఆరి ఉంటుంది. ఈసారి సరిగ్గా అప్పుడే వెళ్లాం.

వికారాబాద్ హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్లు. అప్పా జంక్షన్ దాటాక మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా మర్రిచెట్లు. దాదాపు 900 ఉంటాయని లెక్కగట్టారు. రోడ్డు వెడల్పు చేసే పని వచ్చినప్పుడు వాటిని కాపాడాలని చాలామంది జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడారు. కారు టాపు మీద కయాక్‌లు, వెనక ర్యాకుకు సైకిళ్లు కట్టుకుని తెల్లవారుజామున ఆ ఊడల కింద నుంచి వెళ్తుంటే, ఆ పోరాటం చేసినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంటాను. ఇంత మంచి దారి ఉన్న ఊళ్లు చాలా తక్కువ.

కొండ కింద సైకిళ్లు దింపి ముందుగా టైర్లలో గాలి తగ్గించాం. రోడ్డుకు సరిపోయే గాలితో మొరం మీద వెళ్తే టైరు ఎగిరెగిరి పడుతుంది. కాస్త తగ్గిస్తే నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి రిమ్ము దెబ్బతింటుంది. అన్న గేజీ పెట్టకుండానే బొటనవేలితో నొక్కి చూసి సరిపోయిందో లేదో చెప్పేస్తాడు. దారిలో తుమ్మముళ్లు, పరికిముళ్లు లెక్కలేనన్ని. అందుకని అందరం ట్యూబ్‌లెస్ టైర్లకు మారాం. ముల్లు దిగినా లోపలి సీలెంట్ అనే జిగురు ద్రవం పొంగి ఆ బెజ్జాన్ని పూడ్చేస్తుంది. పాత ట్యూబులతో వచ్చిన రోజుల్లో తొక్కిన సేపు కంటే పంక్చర్లు వేసిన సేపే ఎక్కువ ఉండేది.

ఎక్కడం నిదానంగా సాగింది. బాట పక్కన తంగేడు ఇంకా పచ్చగా పూసి ఉంది. బతుకమ్మకు కోసుకెళ్లగా మిగిలిన పూలు. ఊరి పిల్లలు సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని రోడ్డు వైపు దిగుతున్నారు. టేకు, మద్ది, తునికి చెట్ల నీడలో వాలు ఎక్కువైన చోట నేను చిన్న గేరులో కూర్చునే తొక్కుతాను. లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి, గుల్ల మొరంలో చక్రం ఉత్తినే తిరిగిపోతుంది. ముందుకు వంగి, గదవను హ్యాండిల్ దగ్గరికి తెచ్చి, ఊపిరి లయ చెడకుండా పైకి పోవాలి. పాలపిట్ట ఒకటి వైరు మీంచి లేచి రెక్కలు విప్పింది. పండగ పోయాక కనబడినా శకునం శకునమే అంది అక్క.

మూసీ పుట్టిన చోటు అని చెప్పే భవనాశిని పుష్కరిణి దగ్గర ఆగాం. పైన అనంత పద్మనాభస్వామి గుడి. మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటని స్థలపురాణం. మూసీకి ముచుకుందా అనే పేరు కూడా ఉంది. 1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌ను ముంచెత్తి వేల ప్రాణాలు తీసింది ఈ నదే. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవే గండిపేట, హిమాయత్‌సాగర్. 1920 నుంచి గండిపేట నిలబడి ఉంది. మా అమ్మమ్మ వాళ్లింట్లో గండిపేట నీళ్లు తాగినవాళ్లకు వేరే ఊరి నీళ్లు రుచించవని గొప్పగా చెప్పేవారు. ఆ నీళ్లు ఇక్కడి మొరంలోంచే ఊరి వచ్చాయని తెలిసి తొక్కడం వేరుగా ఉంటుంది. కొండ మీద ప్లాస్టిక్ కవర్ కనిపిస్తే ఎవరం దాటిపోం. బ్యాగులో ఒక సంచి దీనికోసమే ఉంటుంది.

దిగడం మొదలయ్యాక పావుగంటలోనే తమ్ముడి సైకిల్ ఆగింది. కాలిబాటలో పైకి తేలిన రాయికి వెనక డీరేలర్ తగిలి చక్రం స్పోకుల్లోకి దూరి విరిగిపోయింది. అడవి మధ్యలో గేర్లు మార్చే భాగం విరిగితే చాలామంది ఇక నడకేనని అనుకుంటారు. అన్న మాత్రం సంచిలోంచి చెయిన్ టూల్ తీశాడు. డీరేలర్‌ను పూర్తిగా విప్పేసి, చెయిన్‌లో కొన్ని లింకులు తీసి కుదించి, ముందు పళ్లచక్రం నుంచి వెనక నడిమి పళ్లచక్రానికి తిన్నగా బిగించాడు. ఒకే గేరు సైకిలు తయారైంది. చెయిన్ వరస తప్పకుండా ముందువీ వెనకవీ ఒకే గీతలో ఉండాలి, లేకపోతే తొక్కుతుండగానే పక్క పళ్లమీదికి ఎక్కి తెగిపోతుందని చూపించాడు. తమ్ముడు మిగిలిన దారంతా దాని మీదే దిగాడు. చేతిలో పనితనం ఉన్న మనిషి వెంట ఉంటే అడవిలో టెన్షనే ఉండదు.

గుల్ల మొరం మీద దిగేటప్పుడు మలుపులోకి వెళ్లాక బ్రేకు పట్టకూడదు. మలుపు రాకముందే వేగం తగ్గించుకుని, లోపల బ్రేకు వదిలేసి, చూపు మలుపు చివర పెట్టాలి. చూపు ఎటు పోతే సైకిలు అటు పోతుంది. రాయిని చూస్తే రాయి మీదికే వెళ్తాం. పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో ఉంచి, మోకాళ్లు వదులుగా పెట్టి, సీటు మీంచి కాస్త లేచి ఉంటే కింద నేల చేసే గోల కాళ్లలోనే ఆగిపోతుంది. ఆ ఐదారు నిమిషాల్లో ఆఫీసు, అప్పు, ఫోను ఏదీ తలలోకి రాదు. అందుకోసమే గంటసేపు ఎక్కుతాను.

ఇంకో మాట ఇక్కడ చెప్పాలి. అనంతగిరికి దగ్గర్లోనే పూడూరు మండలంలో దామగుండం అడవి ఉంది. లోపల రామలింగేశ్వరస్వామి గుడి. అక్కడి బాటలు మాలాంటివాళ్లకు ఎంతో ఇష్టం. అక్కడ దాదాపు 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో కేంద్రం కట్టడానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. సముద్రం అడుగున ఉండే జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం అది. దేశానికి దాని అవసరం ఉందనే నమ్ముతాను. అయినా ఆ అడవిలో కూలే ప్రతి చెట్టూ మూసీ ఊటకు లోటే. మాకు పోయింది సైకిల్ బాట ఒక్కటే అనుకుంటే పొరపాటు.

ఆ రాత్రి ధారూరు వైపు తెలిసినవాళ్ల ఇంట్లో దిగాం. జొన్నరొట్టెలు, తాండూరు కందిపప్పు, పచ్చిపులుసు. ఆ కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లెక్చరర్ మిత్రుడు ఆ మాట చెప్పనిదే ముద్ద దిగనివ్వడు.

పొద్దున ఇంకా చీకటి ఉండగానే కోట్‌పల్లి కట్ట మీద ఉన్నాం. లైఫ్ జాకెట్ బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసుకున్నాం. గదవ దాకా జారితే అది వదులుగా ఉన్నట్టే. ఈత వచ్చినవాళ్లకూ మా దగ్గర మినహాయింపు లేదు. ఈ చెరువులో మునిగిన చెట్ల మొదళ్లు ఉన్నాయి, వలలున్నాయి, అడుగున బురద ఉంది.

థర్మాకోల్ తెప్ప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పెద్దాయన ఒకరు వల తీస్తూ కనిపించారు. బొచ్చె, రవ్వ పడ్డాయి. మమ్మల్ని చూసి, "చెట్ల నడుమకు పోకుండ్రి బిడ్డా, వలలేసినం. గాలి లేస్తది, ఎండ ఎక్కకముందే ఒడ్డుకు రాండ్రి" అన్నారు. "అట్లనే తాతా" అంది అక్క, మా వరసను చెట్ల వైపు నుంచి దూరంగా తిప్పింది.

కయాక్‌లో కొత్తవాళ్లు చేతులతో లాగుతారు. పది నిమిషాలకే భుజాలు పట్టేస్తాయి. తెడ్డును పాదం పక్కన నీళ్లలో దించి, నడుమును తిప్పుతూ తుంటి దాకా తెచ్చి తీసేయాలి. బలం కాళ్ల నుంచి, నడుము నుంచి రావాలి. కుడి వైపు లాగేటప్పుడు కుడి పాదం ఆనుడు మీద తన్నాలి. ఇది అలవాటయ్యాక గంటలు గడిచినా అలసట రాదు. ఎండిన కొమ్మ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. లకుముకి పిట్ట గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ ఆగి, నిట్టనిలువునా నీళ్లలోకి దూకింది. పక్షులకు దగ్గరగా వెళ్లం. వాటిని లేపితే ఆ పూట వాటి వేట చెడుతుంది.

చెరువు మధ్యలో అక్క అందరి చేతా బోల్తా సాధన చేయించింది. ఇది మాకు ప్రతి కాలానికీ మొదటి పాఠం. కావాలని పడిపోయి, తిరగబడ్డ పడవను సరిచేసి, పక్క నుంచి కాళ్లు నీళ్లలో ఆడిస్తూ పొట్ట మీద పైకి పాకి, తిరిగి కూర్చోవాలి. లేచి కూర్చుందామని తొందరపడితే మళ్లీ బోల్తా. పొట్ట ఆనించి ఒక్క ఊపిరి ఆగాలి. ఎవరి పడవ వారు తిరిగి ఎక్కగలిగితే తప్ప అవతలి ఒడ్డుకు వెళ్లనివ్వదు. ఆ పట్టుదల వల్లే మా ఇళ్లలో మమ్మల్ని నమ్మి పంపిస్తున్నారు.

తాత చెప్పినట్టే తొమ్మిది దాటాక గాలి లేచింది. అప్పటికి మేం అవతలి ఒడ్డు వదిలి వస్తున్నాం. పక్క గాలిలో ముందుకు పోతున్న కయాక్ ముక్కు దానంతటదే గాలికి ఎదురు తిరుగుతుంది. ముందు భాగం నీటిని చీలుస్తూ బిగిసి ఉంటుంది, వెనక భాగం వదులుగా ఉండి గాలికి కొట్టుకుపోతుంది. దాన్ని సరిచేయాలంటే గాలి వచ్చే వైపు తెడ్డును విశాలంగా, ముక్కు నుంచి తోక దాకా అర్ధచంద్రంలో తిప్పాలి. తమ్ముడు రెండు వైపులా సమానంగా వేస్తూ పక్కకు పోతుంటే, అక్క అతని పక్కకు వచ్చి గట్టిగా లెక్క చెప్పింది. ఎడమ రెండు, కుడి ఒకటి. కట్ట చేరేదాకా ఆ లెక్క ఆపలేదు. తాత అప్పటికే తెప్పను ఒడ్డుకు లాగి చేపలు తూస్తున్నారు. రెండు కిలోల రవ్వ కొన్నాం.

మాఘంలో నీళ్లు తగ్గాక మా తర్వాతి ప్రయాణం కాగ్నా వెంట. కోట్‌పల్లి నుంచి తాండూరు, అక్కడి బండల గనుల పక్కగా సరిహద్దు దాటి కర్ణాటకలో మల్ఖేడ్ దాకా సైకిళ్ల మీద. ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే, కాగ్నా ఒడ్డునే ఉంటుంది. దారంతా రేగడి కాబట్టి వాన పడని వారం చూసుకోవాలి. లెక్చరర్ మిత్రుడు మేనమామ వాళ్ల ఊళ్లో బస చూస్తానన్నాడు. తమ్ముడి సైకిలుకు అన్న కొత్త డీరేలర్ బిగించేశాడు.