మలక్కా ఎర్ర గుడిలో ఒక ఆదివారం

నాపరాళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఏ ఊరికి వెళ్ళినా నా చూపు ముందు నేల మీదికే పోతుంది. ఎర్రగుంట్లలో మా నాయన బండల వ్యాపారం చేసేవాడు. ఏ బండ నిలుస్తుందో, ఏది పొరలుగా లేస్తుందో సుత్తితో ఒక్క దెబ్బ తట్టి చెప్పేవాడు. మలేసియాలో మలక్కా ఊరి క్రైస్ట్ చర్చి గడప దాటినప్పుడు కూడా నేలనే చూశాను, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. నా చెప్పు కింద ఒక డచ్చి మనిషి పేరు ఉంది.

ప్రయాణం గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. కడప నుంచి చెన్నైకి రైలు, అక్కడి నుంచి కౌలాలంపూర్‌కు విమానం, టీబీఎస్ బస్టాండు నుంచి రెండు గంటల బస్సు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకు ముప్పై రోజుల వరకు వీసా అవసరం లేకపోవడం వల్లనే నాబోటివాడికి ఈ ఆలోచన వచ్చింది. మలక్కా సెంట్రల్‌లో దిగగానే ఒక టాక్సీ అతను ముప్పై రింగిట్లు అడిగాడు. మన లెక్కన అది దాదాపు ఆరువందలు. కడపలో ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ కడుపు నిండా తినవచ్చునని లెక్క వేసుకుని, పదిహేడో నంబరు సిటీ బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డాను. ఆ ఉక్కపోతలో తడిసిన చొక్కా రాత్రి దాకా ఆరలేదు. మా ఎండ మాడుస్తుంది గాని ఇలా ఉడికించదు.

మలక్కానే ఎంచుకోవడానికి కారణం మా సంఘం పాత చరిత్ర. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన విలియం మిల్న్ 1815లో ఇక్కడికి వచ్చాడు. ఏడేళ్ళ తరువాత, 1822లో, అదే సొసైటీ కడపలో పని ప్రారంభించింది. మలక్కాలో 1818లో పెట్టిన ఆంగ్లో చైనీస్ కాలేజీ 1843లో హాంకాంగుకు తరలిపోయింది. మా వైపు మాత్రం ఆ సొసైటీవారు పెట్టిన జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి పేరు చెబితే ఇప్పటికీ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక క్రైస్ట్ చర్చి ఆంగ్లికన్లది, మాది 1947లో ఆంగ్లికన్లూ మెథడిస్టులూ తక్కినవారూ కలిసి ఏర్పరచుకున్న దక్షిణ ఇండియా సంఘం. అందుచేత ప్రభురాత్రి భోజనానికి వారి బల్ల దగ్గర మోకరించడానికి నేను ఎవరి అనుమతీ అడగనక్కరలేకపోయింది.

డచ్చివారు పోర్చుగీసుల నుంచి ఊరిని గెలుచుకుని నూరేళ్ళు నిండిన 1741లో ఈ గుడి కట్టడం మొదలుపెట్టి 1753లో పూర్తిచేశారు. 1824 నాటి ఒప్పందంతో మలక్కా ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. మన భీమునిపట్నం కూడా అదే ఒప్పందంలో చేతులు మారింది. 1838లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ వచ్చి దీన్ని ఆంగ్లికన్ ఆలయంగా ప్రతిష్ఠించాడు. అందరూ ఫొటోలు తీసుకునే ఆ ఎర్ర రంగు 1911లో వేసినదేనట, అంతకు ముందు గుడి తెల్లగానే ఉండేది. లోపల పైకప్పు దూలాలు ఒక్కొక్కటీ ఒకే మానును చెక్కి చేసినవి. నలభై అడుగుల పైచిలుకు వెడల్పుకు ఎక్కడా అతుకు లేదు.

అయినా నా కళ్ళు మళ్ళీ నేలకే దిగాయి. సమాధి రాళ్ళను బండపరుపులో కలిపేశారు. అక్షరమున్న కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగిన నేను, పేర్లను తప్పించుకుంటూ, తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్లవాడిలాగా బల్లల దాకా వెళ్ళాను.

ఈ విన్యాసమంతా చూసి ఒక ముసలమ్మ నవ్వింది. చీర కట్టుకుని, తమిళ పాటల పుస్తకం పట్టుకుని ఉన్న ఆమె, నేను గొణుక్కున్న మాటను పసిగట్టి, ‘ఏటి బాబూ, తెలుగోరా?’ అని అడిగింది. ఆమె పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దాతో వైపు తోటల్లో పుట్టిందట. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చాడు, ఆమె తమిళుణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడ స్థిరపడింది. నేను ‘యాడ కూర్చోవాలమ్మా?’ అంటే ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి పుస్తకాల తెలుగులో అడగవలసి వచ్చింది.

ఆరాధన తమిళంలో జరిగింది. మాటలు సగమే అందినా, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో నా కాళ్ళకు తెలుసు, ఎందుకంటే క్రమమంతా మాదే. పాప ఒప్పుకోలు తరువాత అందరూ మౌనంగా ఉన్న సమయంలో బయట చౌకులో రిక్షా ఒకటి చెవులు పగిలేలా పాట పెట్టింది. బొమ్మలూ, దీపాలూ, ప్లాస్టిక్ పూలూ తగిలించిన ఆ మూడుచక్రాల రిక్షాలు పర్యాటకుల కోసం రోజంతా అక్కడే మోగుతూ ఉంటాయి. నాకు ఒళ్ళు మండింది గాని, చుట్టూ ఒక్కరూ తల తిప్పలేదు. ప్రభువు ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న ముసలమ్మ తమిళం వదిలి తెలుగులో మొదలుపెట్టింది. నేనూ గొంతు కలిపాను. మధ్యలో ఒక వాక్యం ఆమెకు గుర్తు రాక ఆగి, నా పెదవులు చూసి అందుకుంది.

మధ్యాహ్నం సెయింట్ పాల్ కొండ ఎక్కాను. కేథలిక్ పునీతుడు ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని 1553లో కొన్ని నెలలపాటు ఉంచిన ఆ పాత గుడికి ఇప్పుడు కప్పు లేదు. ఇక్కడ సమాధి రాళ్ళను గోడలకు నిలబెట్టారు కాబట్టి ధైర్యంగా దగ్గరికి వెళ్ళి ఉలి పనితనాన్ని వేలితో తడిమి చూశాను. కొండ కింద పోర్చుగీసు కోటలో మిగిలింది ఒక్క ద్వారం, తక్కినదంతా 1807లో ఇంగ్లీషువారే కూల్చారు. ఆ ఒక్క ద్వారానికి అంత జనం! మా గండికోటలో గోడలూ, మసీదూ, గుడులూ, ధాన్యాగారమూ అన్నీ నిలిచి ఉన్నా, నీడన కూర్చుని ఒక కాఫీ తాగుదామంటే వెతుక్కోవాలి.

అన్నట్టు, ఆరాధన అయిన తరువాత టీ ఇచ్చేటప్పుడు ముసలమ్మ నన్ను అందరికీ చూపించి కడప నుంచి వచ్చానని చెప్పింది. ఒక్కరికీ ఆ ఊరు తెలియలేదు. చెన్నైకి ఎంత దూరమని ఒకాయన, సముద్రం ఉందా అని మరొకాయన అడిగారు. చివరికి గత్యంతరం లేక తిరుపతికి దగ్గరని చెప్పాను. ‘అలా చెప్పండి మరి’ అన్నట్టు అందరూ తలలూపి, నాకు ఇంకో కప్పు టీ పోశారు.