రెండో విమానంలోని కుర్రవాడు

1941 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, మబ్బుల మధ్య కనిపించిన సందులోంచి కిందికి దిగుతున్న ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం, రాక్స్‌హోమ్ అనే పల్లె మీద సుమారు 1,400 అడుగుల ఎత్తున, అటుగా వస్తున్న శిక్షణ విమానాన్ని ఢీకొంది. రెండింటిలోనూ ఒక్కొక్కరే ఉన్నారు. ఇద్దరూ చనిపోయారు, ఇద్దరికీ 19 ఏళ్లే.

స్పిట్‌ఫైర్ నడిపిన జాన్ గిలెస్పీ మగీ అమెరికన్ తండ్రికి, ఆంగ్లేయ తల్లికి షాంఘైలో పుట్టి, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే కెనడా వైమానిక దళంలో చేరినవాడు. ఆ సెప్టెంబరులో తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం వెనుక అతడు 14 పంక్తుల కవిత ఒకటి రాసి పంపాడు. అదే ‘హై ఫ్లైట్’. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన సాయంత్రం అమెరికా అధ్యక్షుడు రేగన్ తన ప్రసంగాన్ని ముగించింది అందులోని మాటలతోనే. స్కాప్‌విక్ అనే ఊళ్లో మగీ సమాధి రాతి మీద దాని మొదటి, చివరి పంక్తులు చెక్కి ఉన్నాయి. అతడు విమానం కప్పు వెనక్కి నెట్టి, లేచి నిలబడి దూకడం ఒక రైతు చూశాడని, అప్పటికి పారాచూట్ విచ్చుకునేంత ఎత్తు మిగల్లేదని కూడా అతని కథ చెప్పేవారు తప్పక చెబుతారు.

రెండో కుర్రవాణ్ణి మాత్రం, నేను చదివినంతలో, ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. అతడు క్రాన్‌వెల్‌లోని వైమానిక శిక్షణ కేంద్రంలో ఎగరడం నేర్చుకుంటున్న లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, అంటే కింది హోదా సైనికుడు. (మన వైమానిక దళపు తొలి పైలట్లూ, వారి తరువాత అర్జన్ సింగూ తర్ఫీదు పొందినది ఆ క్రాన్‌వెల్‌లోనే.) శిక్షణలో ఉన్నవారి టోపీ ముందు మడతలో తెల్లని గుడ్డముక్క ఉండేది, ఆ హోదాకు గుర్తుగా చేతి మీద ప్రొపెల్లర్ బొమ్మ ఉండేది, ఛాతీ మీద కుట్టుకునే రెక్కలు శిక్షణ పూర్తయితే గాని రావు. అయినా ఆనాడు పక్కన బోధకుడు లేకుండా ఒంటరిగా పంపారంటే, నేర్పేవారికి అతని చేతి మీద నమ్మకం కుదిరిందనే అర్థం.

మగీ నేర్చుకున్న కెనడా శిక్షణ పథకంలో 1,31,000 మందికి పైగా తయారైతే, శత్రువు ఎదురుపడకముందే 856 మంది శిక్షణలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ లెక్క నన్ను ఇంతగా పట్టుకోవడానికి నేను వైమానిక దళ అకాడమీ ఉన్న దుండిగల్ వైపు ఉండడం కూడా ఒక కారణం కావచ్చు. పొద్దున్నే శిక్షణ విమానాల రొద వినడం మాకు అలవాటే. 2023 డిసెంబరు 4న అక్కడి నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి బోధకుడు, క్యాడెట్ ఇద్దరూ మరణించిన తరువాత, ఆ రొద వినిపించినప్పుడల్లా తలెత్తి చూడకుండా ఉండలేకపోతున్నాను.

రాక్స్‌హోమ్ మీది శిక్షణ విమానం ఎయిర్‌స్పీడ్ ఆక్స్‌ఫర్డ్. రెండు ఇంజన్ల చెక్క విమానం, బాంబర్లు నడపబోయేవారికి తొలి మెట్టు. శిక్షణ విమానమని అందరికీ తెలిసేలా ఆ రోజుల్లో వాటికి పసుపు రంగు పూసేవారు. అయితే యుద్ధం ముదిరాక ఆ పసుపు అడుగుభాగానికే మిగిలింది. వీపు మీద మాత్రం, పైనుంచి చూసే శత్రువుకు నేలలో కలిసిపోయి కనిపించేలా, ఆకుపచ్చ, మట్టి రంగు పట్టీలు వేశారు. మగీ దిగింది పైనుంచే.