సముద్రం చూడబోయి చెరువులు చూసి వచ్చాను

నల్లగొండ జిల్లాకు ఏ దిక్కునా సముద్రం లేదు. అయినా మా పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లు చెరువు పేరు ఉదయసముద్రం. కందూరు చోడుల కాలం నాటి ఆ చెరువు కట్ట మీదనే నేను సైకిల్ తొక్కడం నేర్చుకున్నాను. మొన్న ఫిబ్రవరిలో పదకొండు రోజులు శ్రీలంకలో సైకిల్ మీద తిరిగి వచ్చి, తీసిన ఫోటోలు ఇంట్లో చూపిస్తుంటే మా అమ్మ కాసేపు ఓపిక పట్టి, “సముద్రం జూస్తనని పోయి చెరువులు జూసొచ్చినవా బిడ్డా?” అని అడిగింది. నిజమే. నా ఫోన్‌లో సముద్రం ఫోటోలు ఆరు ఉంటే చెరువులవి రెండు వందలు దాటాయి.

లంకకు సైకిల్ తీసుకొని వెళ్లేవారిలో ఎక్కువమంది గాలె వైపు దక్షిణ తీరానికో, నువర ఎలియ తేయాకు తోటలకో వెళ్తారు. నువర ఎలియ సముద్ర మట్టానికి 1,868 మీటర్ల ఎత్తున ఉంది, నా మోకాళ్లకు నలభై ఏడేళ్లు నిండాయి, కాబట్టి ఆ ఆలోచన మొదట్లోనే మానుకున్నాను. ద్వీపం మొత్తం చుట్టి రావాలన్న కోరిక కూడా నాకు లేదు. లంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కొంచెం ఎక్కువ. పటం మీద చిన్నగా కనిపించినా సైకిల్‌కు అది చిన్న దేశమేమీ కాదు. నేను వెళ్లదలచుకున్నది ఉత్తర మధ్య ప్రాంతానికి, అందుకు కారణం నాగార్జునసాగర్‌లో ఉంది. 2022లో ప్రారంభమైన అక్కడి బుద్ధవనంలో శ్రీలంక వారు ఇచ్చిన అవుకన బుద్ధుని ప్రతిరూపం నిలబడి ఉంటుంది. ఆదివారాలు సైకిల్ మీద సాగర్ దాకా వెళ్లినప్పుడల్లా దాని ముందు నీళ్లు తాగి తిరిగి వచ్చేవాడిని. ప్రతిరూపం ఇలా ఉంటే అసలు విగ్రహం ఎలా ఉంటుందో అన్న ఆలోచన అక్కడే మొదలైంది. ఈ రాకపోకలు ఇప్పటివి కూడా కావు. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ మీద తామ్రపర్ణి, అంటే లంక, భిక్షువుల కోసం సీహళ విహారం ఉండేదని అక్కడి శాసనమే చెబుతుంది.

సైకిల్‌ను అట్టపెట్టెలో కట్టి విమానంలో వేశాను. కొలంబో విమానాశ్రయం నిజానికి కొలంబోలో లేదు, నెగొంబో దగ్గరి కటునాయకలో ఉంది. సైకిల్‌తో దిగేవాడికి నగరపు రద్దీ తప్పుతుంది కనుక అది మేలే. పెట్టె విప్పి చూస్తే వెనుక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, హ్యాంగర్ అంటారు దాన్ని, లోపలికి వంగిపోయి ఉంది. పెట్టెను ఎవరు ఎక్కడ విసిరారో అడిగితే విమాన సంస్థ వారు నింపమని ఒక ఫారం చేతికిచ్చారు. నింపాను, జవాబు ఇంకా రావలసి ఉంది. తప్పు సగం నాదే, ఎందుకంటే డిరైలర్‌ను విప్పి ఫ్రేము లోపలికి కట్టి ఉంటే ఆ ముక్కకు దెబ్బ తగిలేది కాదు. మీరు వెళితే అలా కట్టండి, అదనంగా ఒక హ్యాంగర్ జేబులో వేసుకోండి. ఒక్కో సైకిల్‌కు ఒక్కో రకం ఉంటుంది కనుక అది దారిలో దొరకదు.

మొదటి రెండు రోజులు, చిలావ్ మీదుగా పుత్తలం వరకు, మూడు గేర్లతోనే కొబ్బరి తోటల మధ్య తొక్కాను. ఆ ఆరు సముద్రం ఫోటోలు అప్పటివే. పుత్తలంలో తీరాన్ని వదిలి అనురాధపురం వైపు తిరిగాక ఒక పల్లెలో సైకిల్ దుకాణం కనిపించింది. రేకుల పంచ, గోడకు వేలాడే పాత రిమ్ములు, తొట్టిలో పంక్చర్ చూసే నీళ్లు, అచ్చం మా ప్రకాశం బజారులో ఉన్నట్టే. అతని దగ్గర హ్యాంగర్ సరిచేసే పనిముట్టు లేదు. వెనుక చక్రపు ఇరుసును విప్పి, వంగిన ముక్క మరలోకే దాన్ని బిగించి, ఆ ఇరుసునే పిడిగా పట్టుకొని, ఒక కన్ను మూసి చూస్తూ కొంచెం కొంచెంగా బయటికి లాగాడు. పది నిమిషాల్లో గేర్లన్నీ పడ్డాయి. 2022లో పెట్రోలు కోసం రోజుల తరబడి వరుసల్లో నిలబడ్డప్పుడు ఊరంతా అటకల మీది సైకిళ్లు దింపుకొని తన దగ్గరికి వచ్చిందని, తన జీవితంలో అంత గిరాకీ ఎన్నడూ చూడలేదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ రోజులు మళ్లీ రావాలని మాత్రం తాను కోరుకోవడం లేదన్నాడు. డబ్బు ఎంత బతిమాలినా తీసుకోలేదు.

పక్కనే ఉన్న కొట్టులో టీ అడుగుతూ అలవాటుగా “అక్కా” అన్నాను. సింహళంలోనూ అక్క అంటే అక్కేనట. ఆమె నవ్వి “మల్లీ” అంది. మళ్లీ టీ పోయమంటావా అని అడుగుతోందేమో అనుకొని, ఇంకా మొదటిదే తాగలేదని చేతులతో సైగ చేశాను. మల్లీ అంటే తమ్ముడని ఆ సాయంత్రం గానీ తెలియలేదు.

అక్కడి నుంచి నేల నాకు తెలిసిన నేల. లంకలో ఏడాదికి 1,750 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన కురిసే ప్రాంతాన్ని ఎండు మండలం అంటారు. మా నల్లగొండలో కురిసేది ఆ హద్దులో సగం కూడా ఉండదు. అయినా అక్కడా వాన కొన్ని నెలలే పడుతుంది, మిగతా కాలమంతా చెరువే దిక్కు. ఈశాన్య రుతుపవనాలతో పండే మహ పంట అప్పుడే కోతకు వచ్చింది. తారు రోడ్డులో ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. యాసంగి చివర మిర్యాలగూడ రోడ్డు మీద కనిపించే దృశ్యమే అది. వడ్ల మీదికి చక్రం పోనివ్వకుండా సైకిల్ దిగి నడిస్తే ఒక ముసలాయన చేయెత్తి దండం పెట్టాడు.

నీళ్ల సంగతి కూడా మనదే. అనురాధపురం, పొలొన్నరువ జిల్లాల్లో చాలా చోట్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. దీనికి తోడు ఇంతవరకు కచ్చితమైన కారణం తేలని మూత్రపిండాల జబ్బు అక్కడి రైతులను పట్టి పీడిస్తోంది. అందుకే ఊరూరా ఆర్ఓ నీటి కేంద్రాలు వెలిశాయి, నా సీసాలు అక్కడే నింపుకున్నాను. ఒక కేంద్రంలో ఏ ఊరని అడిగిన కుర్రవాడికి నల్లగొండ అని చెబితే అర్థం కాలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మా ఊరి పేరే పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అంటుందని అతనికి చెప్పాలనిపించింది, కానీ అది గొప్పగా చెప్పుకోవలసిన పేరో కాదో నాకే తేలక ఊరుకున్నాను. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో వంగిన కాళ్లను చూసినవారికి నా సందేహం అర్థమవుతుంది.

చెరువును వాళ్లు వ్యావ అంటారు. ‘వ్యావయి దాగబయి, గమయి పన్సలయి’ అని సింహళంలో ఒక నానుడి ఉంది: చెరువు, స్తూపం, ఊరు, విహారం. మన గొలుసుకట్టు చెరువుల్లాగే పై చెరువు మిగులు నీరు కింది చెరువులోకి దిగే వరుసలు ఎండు మండలమంతా ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో ఈ వ్యవస్థను ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. తూముల విషయంలో మాత్రం వారు మనకంటే ఒక అడుగు ముందే ఉన్నారని ఒప్పుకోక తప్పదు. పెద్ద చెరువుల తూములకు లోపలి వైపు బిసోకొటువ అనే చదరపు రాతి బావి ఉంటుంది. లోతైన నీటి ఒత్తిడి అందులో విరిగి, కాలువలోకి నీరు నెమ్మదించి దిగుతుంది.

అనురాధపురం నుంచి కలా వ్యావకు నేను జయగంగ కాలువ వెంట వెళ్లాను. ఐదో శతాబ్దంలో ధాతుసేన మహారాజు తవ్వించిన ఆ కాలువ పొడవు సుమారు 87 కిలోమీటర్లు, అందులో ఒక భాగంలో వాలు కిలోమీటరుకు పది సెంటీమీటర్లకు మించదు. ఆ అంకె పుస్తకంలో చదివినప్పుడు ఏమీ అనిపించలేదు కానీ, గట్టు మీద నీటికి ఎదురుగా గంటల తరబడి తొక్కుతూ ఒక్కసారి కూడా గేరు మార్చనప్పుడు కాళ్లకు తెలిసి వచ్చింది. గట్టు ఒక పక్కనే ఉంటుంది. ఎగువ పక్క వదిలేశారు కాబట్టి వాలు మీది వాననీరంతా కాలువలోకి చేరి, అక్కడక్కడ చిన్న మడుగులై నిలుస్తుంది. గట్టు పొడవునా తెల్లమద్ది చెట్లు, కుంబుక్ అంటారు వాటిని, వేళ్లు నీళ్లలో పెట్టుకొని నీడ పరిచి ఉన్నాయి.

ధాతుసేనుడి కథ అక్కడ అందరికీ తెలుసు. కొడుకు కాశ్యపుడు రాజ్యం లాక్కొని, దాచిన ధనం చూపమన్నాడట. తండ్రి అతని మనుషులను కలా వ్యావకు తీసుకెళ్లి, నీళ్లలో దిగి దోసిట పట్టి, నా సంపద ఇదేనన్నాడట. ఆ తరువాత తండ్రిని చంపించిన కాశ్యపుడే సిగిరియ కొండ మీద కోట కట్టుకున్నాడు. సిగిరియకు కూడా వెళ్లాను, మెట్లెక్కాను, జనం విపరీతంగా ఉన్నారు, అంతకంటే రాయవలసింది నాకు కనిపించలేదు.

అవుకన బుద్ధుడు కలా వ్యావ దగ్గరే ఉన్నాడు. నలభై అడుగుల నిలువెత్తు విగ్రహం. వీపు దగ్గర సన్నని రాతి పట్టీ ఒకటి వదిలి మిగతాదంతా కొండ నుంచి విడదీసి చెక్కారు. చీవరపు మడతలు నీటి మీది అలల్లా ఒకే ఎడంతో పాదాల దాకా దిగుతాయి. సాగర్‌లోని ప్రతిరూపంలోనూ ఆ మడతలున్నాయి గానీ ఆ వీపు వెనుక కొండ లేదు. అంతకాలం నేను చూస్తున్నదానిలో ఏం తక్కువైందో ఇక్కడికి వచ్చాక తెలిసింది.

హబరణ నుంచి పొలొన్నరువ దాకా నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి అడవిలోంచి పోతుంది. రెండు పక్కలా కరెంటు తీగల కంచె, ఏనుగులు దాటుతాయన్న పసుపు బోర్డులు ఉంటాయి. తెల్లవారుజామున చల్లగా ఉండగానే బయలుదేరే నా అలవాటును బస యజమాని గట్టిగా ఆపించి, ఎండ ముదిరాకే పంపాడు. రోడ్డు మీద తాజా లద్దెలు చూశాక అతని మాట విన్నందుకు సంతోషించాను. అయితే ఆ దారిలో నన్ను నిజంగా భయపెట్టినవి ఏనుగులు కావు, హారన్ ఆపకుండా మోగిస్తూ భుజం రాసుకొని పోయే ప్రైవేటు బస్సులు.

పొలొన్నరువలో పన్నెండో శతాబ్దపు పరాక్రమబాహు రాజు పాత చెరువులను కలిపి కట్టించిన పరాక్రమ సముద్రం ఉంది. కట్ట పొడవు దాదాపు 14 కిలోమీటర్లు. మెట్ల దగ్గర బట్టలు పిండుకుంటున్న ఒకాయన సైకిల్ చూసి మాట కలిపాడు. నా ఫోన్‌లో పానగల్లు చెరువు చూపించి పేరు చెప్పాను. సముద్రమన్న మాట ఆయనకు వెంటనే అందింది. ఫోన్ వెనక్కిచ్చి, మీకూ సముద్రం దూరమా అని అడిగాడు. చుట్టూ సముద్రమున్న దేశంలో ఉండి ఆయన ‘మీకూ’ అన్నాడు.

కట్ట చివర పొత్‌గుల్ దగ్గర బండలో చెక్కిన గడ్డపాయన విగ్రహం ఉంది. పరాక్రమబాహువే అని చాలామంది నమ్మకం. రెండు చేతులతో పట్టుకున్నది తాళపత్ర గ్రంథమని కొందరు, కాడి అని కొందరు అంటారు. కొంచెం వంగిన దాని ఆకారం చూసి, నడుమ భాగాన్ని ఆ చేతులు మోస్తున్న తీరు చూసి, నేను కాడి పక్షాన చేరాను. పొద్దు వాలకముందే బసకు చేరాలి కనుక వాదించుకోవడానికి ఎవరి కోసమూ ఆగలేదు.