చిర్రగోనె చేతులు

పోయినేడు దసరా అయిన వారానికి హైదరాబాద్‌లో ఒక ప్రాక్టీస్ రేంజ్‌కు వెళ్ళి, అక్కడి కోచ్‌కు నా గోల్ఫ్ స్వింగ్ చూపించాను. ఆయన ఫోన్‌లో తీసి, స్లో మోషన్‌లో పెట్టి రెండుసార్లు చూశాడు. ఏమీ అనలేదు. మూడోసారి చూశాక "సార్, ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు.

"డాలస్‌లో."

"కాదు సార్, అంతకు ముందు. మీ చేతులకు ముందే ఏదో ఆట వచ్చు."

నిజమే. పరకాల దగ్గర మా ఊళ్ళో బడి వదిలితే చిర్రగోనె (గిల్లీ దండా) తప్ప మాకు వేరే పని లేదు. చిర్ర గాల్లోకి లేచాక నడుము తిప్పుకునే టైమ్ ఎక్కడుంటుంది? భుజం, మోచెయ్యి, మణికట్టు, అంతే. పైనుంచి అడ్డంగా ఒక్కటి అంటిస్తే అది చింతచెట్టు దాటాలి. ముప్పై ఏళ్ళ తర్వాత చేతిలోకి డ్రైవర్, అంటే గోల్ఫ్‌లో దూరం కొట్టే పొడుగాటి కర్ర, వచ్చింది గానీ, చేతులు ఇంకా ఆ చింతచెట్టు మీదికే కొడుతున్నాయి. గోల్ఫ్‌లో దీన్ని 'ఓవర్ ది టాప్' అంటారు. క్లబ్బు, అంటే బంతి కొట్టే కర్ర, బయటినుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. దాని ముఖం కూడా కాస్త తెరుచుకుని ఉంటే, నాలాంటి కుడిచేతివాటం వాళ్ళ బంతి కొడవలిలా కుడివైపుకు వంగిపోతుంది. అదే స్లైస్. పదేళ్ళుగా నాకు తెలిసిన ఏకైక షాట్ అది.

కోచ్ తీర్పు చెప్పాడు. పట్టు మార్చాలి, నిలబడే తీరు మార్చాలి, క్లబ్బు వెనక్కి తీసే దారి మార్చాలి, ముందు నడుము కదలాలి, చేతులు తర్వాత రావాలి. పన్నెండు క్లాసులు, ఆరు నెలలు. "రిపేరు కాదు సార్, కూలగొట్టి కట్టుడే" అన్నాడు. నాకు ఇల్లు కట్టిన అనుభవం ఉంది. ఆ మాటకే భయపడాల్సింది. అయినా డబ్బు కట్టేశాను.

నేను గోల్ఫ్ నేర్చుకున్నది డాలస్‌లోని టెనిసన్ పార్క్‌లో. అది సిటీవాళ్ళ కోర్సు, ఎవరైనా డబ్బు కట్టి ఆడుకోవచ్చు. ఆఫీసులో పక్క సీటు వాళ్ళు తీసుకెళ్తే మొదలైంది. పేరుమోసిన అమెరికన్ గోల్ఫర్ లీ ట్రెవినో కుర్రవాడిగా ఉన్నప్పుడు పందేలు కట్టి ఆడింది అక్కడే. డాలస్‌లోనే ఇంకో చిన్న కోర్సులో క్లబ్బు కూడా లేకుండా, కూల్‌డ్రింక్ సీసాకు టేపు చుట్టి దాంతో బంతి కొట్టి పందేలు గెలిచేవాడట. ఎవరి దగ్గరా పద్ధతిగా నేర్చుకోని స్వింగ్ అతనిది. ఎడమవైపుకు గురిపెట్టి, బంతిని కుడికి వంచి తెచ్చేవాడు. ఆ స్వింగ్‌తోనే ఆరు మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీలు, గెలిచాడు. సీసాతో ఆడినవాడి కథ వినగానే నాకు మా చిర్రగోనె గుర్తొచ్చింది. స్లైస్‌ను నేను అన్నేళ్ళు తేలిగ్గా తీసుకోవడానికి అదీ ఒక కారణం.

బాపు పోయాక 2021లో తిరిగి వచ్చేశాం. అమ్మతో హన్మకొండలో ఉంటూ ఇంటినుంచే పని. ఇక్కడ ఉండి గోల్ఫ్ అంటే, నెలకు రెండుసార్లు కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోవడమే. గోల్ఫ్ బ్యాగుతో రైలెక్కి చూడండి, ఎన్ని ప్రశ్నలొస్తాయో. క్రికెట్ కిట్టా అంటారు, టెంటు సామానా అంటారు. ఒకాయన జనగామ దాకా ఆలోచించి, "పాములు పట్టేటివా సార్?" అని అడిగాడు. మెంబరైన మిత్రుడొకాయన, డాక్టర్, గెస్టుగా తీసుకెళ్తే గోల్కొండ కోర్సులో ఆడతాను. నయా ఖిలా గోడల మధ్య, ఆ ముసలి బావోబాబ్ చెట్టున్న చోట. మామూలుగా నా స్కోరు 96, 97 దగ్గర ఆగేది. పద్దెనిమిది హోల్స్‌లో, అంటే గుంతల్లో, బంతి వేయడానికి కొట్టిన దెబ్బల లెక్క అది, ఎంత తక్కువైతే అంత మంచిది. నాతో ఆడేవాళ్ళకు ఇబ్బంది లేదు, నాకూ సంతోషమే. మరి స్వింగ్ ఎందుకు మార్చాలనిపించింది అంటే, నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనిపించింది. అంతకంటే గొప్ప కారణం లేదు.

డాబా మీద ఇనుప పైపులు పాతించి నైలాన్ వల కట్టించాను. కింద రబ్బరు చాప. రోజూ పొద్దున ఆరుంపావు నుంచి ఏడు దాకా. అమ్మ పక్కన సల్ల మిరపకాయలు ఆరబెట్టుకునేది. పిట్టగోడ మీద కోతులు కూర్చునేవి. మొదటి వారంలోనే ఒక కోతి మూడు బంతులు ఎత్తుకుపోయింది, ఒకటి కొరికి చూసి నా మీదికే విసిరింది.

మొదటి నెల బంతి లేకుండానే. వీడియోలో చూస్తే నేనేనా అనిపించేంత బాగుంది. నడుము ముందు కదులుతోంది, మోచెయ్యి ఒంటికి దగ్గరగా దిగుతోంది. కోచ్‌కు పంపిస్తే దండం పెట్టే బొమ్మ పంపాడు. తర్వాత చాప మీద బంతి పెట్టాను. అంతే, మళ్ళీ చిర్రగోనె. బంతి తీసేస్తే కొత్త స్వింగ్, పెడితే పాత స్వింగ్. ఎన్నిసార్లు చూసినా అంతే. మిరపకాయలు తిరగేస్తున్న అమ్మ నాలుగు రోజులు చూసి, ఐదో రోజు అంది: "బంతి వెట్టంగనే నీకు కోపమొస్తది బిడ్డా."

పన్నెండు క్లాసుల్లో కోచ్ చెప్పని మాట అది. క్లబ్బు పైనుంచి కిందికి దిగి బంతిని తాకడానికి పట్టేది సుమారు పావు సెకను. తాకి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. ఆ పావు సెకనులో 'నడుము, తర్వాత మోచెయ్యి, తర్వాత మణికట్టు' అని చదువుకుంటూ కూర్చుంటే అప్పటికే బంతి వెళ్ళిపోతుంది. ఆ టైమ్‌లో చేతులకు ఏది అలవాటో అదే జరుగుతుంది. ఆ అలవాటు మారాలంటే వేల బంతులు కొట్టాలి, అదీ మెల్లగా, కోపం లేకుండా. నాకు రోజుకు ముప్పావు గంట. అందులో పది నిమిషాలు కోతులకే పోతుంది.

ఇది చెప్పి మా డాక్టర్ దగ్గర మొత్తుకుంటే, ఆయన టైగర్ వుడ్స్ సంగతి ఎత్తాడు. 1997లో, ఇరవై ఒక్క ఏళ్ళకే మాస్టర్స్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. గెలిచి కూడా, ఈ స్వింగ్ ఎక్కువ కాలం నిలవదని కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ పోటీల్లో, ఒకే ఒక్క టోర్నీ గెలిచాడు. తర్వాత 2000లో యూఎస్ ఓపెన్ 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు, ఆ ఏడాదే మూడు మేజర్లు. ఇంకా వెనక్కి పోతే ఇంగ్లండ్ గోల్ఫర్ నిక్ ఫాల్డో ఉన్నాడు. 1985లో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ విప్పి మళ్ళీ బిగించుకున్నాడు. రెండేళ్ళు పట్టింది. 1987లో స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు పద్దెనిమిది హోల్స్‌కూ పద్దెనిమిది పార్లు (ఒక్కో హోల్‌కు కోర్సు పెట్టిన దెబ్బల లెక్క) కొట్టి గెలిచాడు. "వాళ్ళంతటి వాళ్ళే మార్చుకున్నారు, నువ్వెంత?" అన్నాడు డాక్టర్.

వాళ్ళకు అది ఉద్యోగం డాక్టర్‌గారూ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొడతారు, కొట్టిన ప్రతి బంతీ ఎటు పోయిందో చూస్తారు. నా బంతి పది అడుగుల్లో వలకు తగిలి కిందపడుతుంది. ఈ రెండో ముక్క ఎంత పెద్దదో అప్పటికి నాకే తెలియదు, నోటికొచ్చి అనేశాను.

జనవరిలో సంక్రాంతి పోయాక కొత్త స్వింగ్‌తో తొలిసారి కోర్సు మీదికి వెళ్ళాను. స్కోరు 109. నాలుగో హోల్ దగ్గర వరసగా రెండు షాంకులు, అంటే బంతి క్లబ్బు ముఖానికి కాకుండా మెడకు తగిలి అడ్డంగా కుడికి పారిపోవడం. రెండోది మా బ్యాగు మోసే క్యాడీ చెవి పక్కనుంచి పోయింది. పాపం ఆ అబ్బాయి ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను కొట్టిన ప్రతిసారీ బ్యాగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో రైల్లో కూర్చుని పాత కార్డులు ఫోన్‌లో తీశాను. నాకు హోల్‌కు ఎన్ని పట్లో (గుంత చుట్టూ ఉండే గ్రీన్ మీద బంతిని దొర్లించే చిన్న దెబ్బలు) రాసిపెట్టుకునే అలవాటుంది. ఒక 96 కార్డులో పట్లే 39. గ్రీన్ పక్కనుంచి చిప్ చేయబోయి (బంతిని చిన్నగా ఎత్తి వేయబోయి) బంతిని కదపలేక మళ్ళీ కొట్టినవి ఆరు. పెనాల్టీలు ఐదు. మూడూ కలిపితే యాభై. డ్రైవర్ వాడేది మహా అయితే పద్నాలుగు సార్లు, ఎందుకంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన పార్-3 హోల్స్ నాలుగింటిలో దాని పని లేదు. నేను ఆరు నెలలు, పన్నెండు క్లాసులు, ఒక వల, ఇరవై బంతులు పెట్టి బాగుచేస్తున్నది ఆ పద్నాలుగును. పొలంలో బోరు ఎండిపోతే ఇంటికి సున్నం వేయించినట్టుంది.

అయినా మానలేదు. కట్టిన డబ్బుంది కదా.

అసలు సంగతి తేలింది మార్చిలో, మా ఊళ్ళో. పత్తి ఏరడం అయిపోయి, పత్తికట్టె పీకేసి చేన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. మాది, మా చిన్నబాపుది, ఆ పక్కవాళ్ళది, వరసగా నాలుగెకరాలు, గట్లు తప్ప అడ్డం లేదు. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు డెబ్బై గజాలు ఉంటుంది. నా డ్రైవర్ రెండు వందల గజాలు. మూడెకరాలు వరసగా ఉంటే గానీ సరిపోదన్నమాట. ముప్పై బంతులు తీసుకుని పొద్దున్నే వెళ్ళాను. చిన్నబాపు గట్టు మీద కండువా పరుచుకుని కూర్చున్నాడు.

ముందు కొత్త స్వింగ్, నిండా తయారై. వల ముందు అద్భుతంగా తగిలిన స్వింగ్ అది, చప్పుడు కూడా అదే. బంతి ఎడమకు బయలుదేరి ఇంకా ఎడమకు విరిగి తుమ్మచెట్టు కిందికి దూరింది. పదింటిలో ఆరు అంతే. రెండు షాంకులు. వల ఇంతకాలం నాకు చప్పుడు మాత్రమే వినిపించింది. బంతి ఎటు బయలుదేరుతుందన్నది ముప్పావు వంతుకు పైగా క్లబ్బు ముఖం చేతిలో ఉంటుంది. ఆ ముఖం ఎటు చూస్తోందో వలకేం తెలుసు? స్వింగ్ దారి లోపలినుంచి బయటికి మారింది, కొత్త పట్టు వల్ల ముఖం మూసుకుంటోంది. రెండూ కలిస్తే ఎడమకు విరగక ఏం చేస్తుంది. ఐదు నెలలు నేను డాబా మీద ఈ హుక్‌ను సాధన చేశాను.

"ఇంత గనం వంగి, నడుం దిప్పి, గదేంది రా? చిన్నప్పుడు చిర్ర గిట్లనే కొట్టినవా?" అన్నాడు చిన్నబాపు.

సరే అని, కొత్త పట్టు అలాగే ఉంచి, పాత స్వింగ్‌తో కొట్టాను. పట్టు గురించి ఇక్కడ చెప్పాలి. ఇంతకు ముందు క్లబ్బు పట్టుకుని కిందికి చూస్తే నా ఎడమచేతి మెటికలు ఒకటి కనిపించేది. కోచ్ ఆ చేతిని కాస్త కుడికి తిప్పించాడు, ఇప్పుడు మూడు కనిపిస్తాయి. మార్చిన మొదటి పదిరోజులు ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుండేది. తర్వాత మరిచిపోయాను. మొత్తం కూలగొట్టుడులో నాకు తెలియకుండా నిలిచిపోయింది ఇదొక్కటే, ఎందుకంటే ఇది క్లబ్బు కదలకముందే అయిపోయే పని, పావు సెకనులో గుర్తు తెచ్చుకోనక్కరలేదు.

బంతి కొద్దిగా ఎడమకు బయలుదేరి, నడిచి నడిచి, చివర్లో ఒక పది గజాలు కుడికి వచ్చి దిగింది. రెండోదీ అంతే. ఏడోది మాత్రం గట్టుకు తగిలి ఎటో పోయింది. మామూలుగా నలభై గజాలు పోయే స్లైస్ పది గజాలకు వచ్చింది. నేను మాట్లాడకుండా నిలబడితే చిన్నబాపు లేచి కండువా దులుపుకుంటూ, "ఆ... గట్ల" అన్నాడు.

బంతులు ఏరుకోవడం ఇంకో కథ. నల్లరేగడిలో తెల్ల బంతి చక్కగా కనిపిస్తుందనుకున్నాను. ఏరగా మిగిలిన పత్తి గుబ్బలు చేనంతా పడి ఉన్నాయి, దూరం నుంచి ఒక్కొక్కటీ గోల్ఫ్ బంతే. ముప్పైలో పంతొమ్మిది దొరికాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆరెంజ్ రంగువి తీసుకెళ్ళాను.

కాబట్టి నా మట్టుకు నాకు మొత్తం మార్చుకోవడం దండగ, పట్టు మార్చుకోవడం దండగ కాదు. డాక్టర్ కొడుక్కి పదహారేళ్ళు, వారానికి ఐదు రోజులు ఆడతాడు. వాడు మార్చుకోవాలి, ఇప్పుడే మార్చుకోవాలి. నడుం నొప్పితో ఆడేవాళ్ళు స్కోరు సంగతి పక్కనపెట్టి అయినా మార్చుకోవాలి. నెలకు రెండుసార్లు రైలెక్కేవాడు మాత్రం, బంతి గాల్లో ఎటు పోతుందో చూసుకునే చోటు లేకుండా ఈ పనికి దిగొద్దు. నాకు ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే వినేవాణ్ణా అంటే, వినేవాణ్ణి కాదు.

మిగిలిన మూడు క్లాసులు పటింగ్‌కు వాడుకుంటానని కోచ్‌తో చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. సగం కట్టిన ఇల్లు వదిలేసినట్టు అనిపించి ఉంటుంది. ఒప్పుకున్నాడు. జూన్‌లో 92 వచ్చింది, పట్లు 34. ఆ రోజు కూడా పదకొండో హోల్‌లో డ్రైవర్ పైనుంచి అడ్డంగా అంటించాను. పోయింది.

వల ఇంకా డాబా మీదే ఉంది. అమ్మ దాన్ని పైపుల మీదినుంచి దింపించి మిరపకాయల మీద పరిపించింది. కోతులు చుట్టూ తిరిగి చూసి పోతున్నాయి.