కరెంటు పోయిన రాత్రి ఉప్పునీటి తొట్టిలో ఏం జరుగుతుంది

చెన్నై ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంను దెబ్బతీసేవి ముఖ్యంగా కరెంటు, ఎండ, నీళ్లు. చేపల జబ్బులు వాటి తరవాతే. అందుకే తొట్టి పెట్టిన మొదటి రోజే ఒక పరీక్ష చెయ్యండి. దగ్గర నిలబడి ప్లగ్గులన్నీ ఒకేసారి కట్టేసి, పావుగంట చూడండి.

సంప్ నుంచి తొట్టిలోకి నీళ్లు ఎక్కించే మోటారు ఆగగానే, అవి ఎక్కే రిటర్న్ గొట్టం గుండానే తొట్టి నీళ్లు వెనక్కి తిరిగి సంప్‌లోకి దిగుతాయి. (సంప్ అంటే ఇంటి ముందు నేలలో ఉండేది కాదు, తొట్టి కింద క్యాబినెట్‌లో ఉండే చిన్న గాజుతొట్టి.) గొట్టం మూతి తేలి గాలి పీల్చేదాకా ఈ దిగడం ఆగదు. 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టిలో ఒక్క సెంటీమీటరు నీళ్లంటే 5.4 లీటర్లు. మూతి 5 సెం.మీ. లోతున ఉంటే 27 లీటర్లు కిందికి వస్తాయి. తొట్టి నీళ్లు పొర్లి సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పెట్టెలో, గొట్టాల్లో ఉన్నవి దానికి అదనం. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే మిగిలినవి హాల్లోకే. ఇక క్యాబినెట్ మామూలు ప్లైవుడ్‌దైతే రెండు మూడుసార్లు తడిసేసరికి పొరలు లేచి ఉబ్బుతుంది. దాని నెత్తిన మూడు వందల కిలోల పైచిలుకు బరువు ఉందని మరవకండి.

దీనికి మందు తేలికే. మూతిని నీటిమట్టానికి ఒక సెంటీమీటరు కిందనే పెట్టండి. మట్టానికి కాస్త దిగువన గొట్టానికి గాలి పీల్చుకునే 6 మి.మీ. బెజ్జం వెయ్యండి. ఆ బెజ్జంలో నాచు పేరుకుంటుంది, చిన్న నత్త దూరి కూర్చుంటుంది, కాబట్టి వారానికోసారి పుల్లతో పొడవాలి. నీళ్లను వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వ్ ఉందని ధీమా పడొద్దు. ఉప్పు పొర కట్టి అది సగం తెరుచుకునే ఉండిపోతుంది. పరీక్షలో సంప్ ఎక్కడిదాకా నిండిందో చూసి, మోటారు నడుస్తున్నప్పుడు ఉండాల్సిన గరిష్ఠ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఆ గీత దాటి ఎప్పుడూ నింపకండి.

నేల తడవకపోయినా చేపలకు గండం తప్పదు. అలలు ఆగితే గాలి కలవదు, వేడినీళ్లలో ప్రాణవాయువు అసలే తక్కువ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. కరెంటు పోగానే దానంతటదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే నీళ్లలో అలలు పుట్టించే పది వాట్ల వేవ్ పంప్ ఒక్కటి దాని మీద పెట్టండి, రాత్రంతా నడుస్తుంది. నీళ్లను చల్లబరిచే చిల్లర్‌ను మాత్రం పెట్టొద్దు. క్యానిస్టర్ ఫిల్టర్ (మూసిన డబ్బాలా ఉండే ఫిల్టర్) గంటల తరబడి ఆగిపోతే లోపలి నీళ్లు కుళ్లుతాయి. వాటిని పారబోసి కడిగాకే మళ్లీ నడపాలి.

ఇక మే నెల. తొట్టి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. బెంగళూరు పొడిగాలికి నీళ్ల మీద చిన్న ఫ్యాన్ తిప్పితే చాలావరకు సరిపోతుంది. చెన్నై ఉక్కలో నీరు అంత త్వరగా ఆవిరి కాదు కాబట్టి ఫ్యాన్ ఇచ్చే చలవ తక్కువ. గదికి ఏసీ గానీ, తొట్టికి చిల్లర్ గానీ తప్పవు. చిల్లర్‌ను మూసిన క్యాబినెట్‌లో పెడితే అది వదిలే వేడి అక్కడే తిరుగుతుంది.

నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. 200 లీటర్ల తొట్టిలో రోజుకు 4 లీటర్లు తగ్గుతుంటే, ఐదు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి 180 లీటర్లే మిగులుతాయి. 35 ఉన్న లవణీయత (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందో చెప్పే లెక్క) దాదాపు 39కి చేరుతుంది. అప్పుడు ఉప్పునీళ్లు పొయ్యడం చాలామంది చేసే తప్పు. పొయ్యాల్సింది ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లు, అదీ రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా. బోరు, ట్యాంకర్ నీళ్లు పనికిరావు. తాగే నీళ్ల మెషీన్‌లో రుచి కోసం ఖనిజాలు కలిపే అమరిక ఉంటే ఆ నీళ్లూ వద్దు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ సున్నాకు దగ్గరగా చూపాలి. మెరీనా నుంచి బిందెతో సముద్రపు నీళ్లు తేవడం అసలే కూడదు. అటు కూవం, ఇటు అడయారు కలిసే తీరం అది.

నీళ్లు దానంతటదే నింపే పరికరం కొంటే దాని డబ్బా చిన్నదిగా పెట్టుకోండి. ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుపోయిన రోజు డబ్బా మొత్తం ఖాళీ అవుతుంది. 200 లీటర్లలో 10 పడితే లవణీయత 33 దగ్గర ఆగుతుంది, చేపలు తట్టుకుంటాయి. 50 పడితే 28కి పడిపోతుంది, రొయ్యలు, నత్తలు తట్టుకోలేవు. నింపే గొట్టం కొసను నీటికి తాకనివ్వకండి. డబ్బా ఎత్తున ఉంటే పంప్ ఆగాక కూడా నీళ్లు దిగుతూనే ఉంటాయి.

దోమల మందు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. స్ప్రేల్లో, ప్లగ్‌లో పెట్టే ద్రవాల్లో వాడే పైరెథ్రాయిడ్లనే రసాయనాలు చేపలకూ రొయ్యలకూ విషం. ఎయిర్ పంప్ గదిలోని గాలినే నీళ్లలోకి తోస్తుంది. తొట్టి ఉన్న గదిలో అవి వాడకండి. వీధిలో పొగమందు కొడుతుంటే కిటికీలు మూసి, ఎయిర్ పంప్ ఆపి, తరవాత ఫిల్టర్‌లో కొత్త కార్బన్ (విషాలను పీల్చే బొగ్గు) వెయ్యండి.

చేపల మీద తెల్లమచ్చలు (ఒక పరాన్నజీవి తెచ్చే జబ్బు) కనబడగానే తొట్టిలోనే రాగి మందు పోసేవాళ్లున్నారు. రాగి రొయ్యల్నీ నత్తల్నీ చంపుతుంది, రాళ్లలోకి ఇంకి నెలల తరబడి ఊరుతుంది. చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి అక్కడే వైద్యం చెయ్యాలి. అసలు తొట్టిని 76 రోజులు చేపల్లేకుండా ఉంచితే ఆతిథ్య జీవి దొరక్క పరాన్నజీవి చస్తుంది. చెన్నైలో రంగుచేపల బజారైన కొళత్తూరు నుంచి తెచ్చిన కొత్త చేపను ముందు వేరే తొట్టిలో ఒక నెల ఉంచితే ఈ బాధే ఉండదు.

చివరగా వైర్లు. ప్రతి వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలుతుంది. ప్లగ్గు చుట్టూ తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తే ఆ రోజే తుడవండి. తొట్టి లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి, చెయ్యి పెట్టే ముందు స్విచ్‌లు కట్టేయండి.