నిమిషాలు లెక్కపెట్టి ఇచ్చిన ఇంజెక్షన్
గత వారం ఒక రాత్రి గుండె దడతో, ఊపిరి అందక, ప్రాణం పోతుందేమోనన్న భయంతో వణికిపోతున్న నన్ను ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లారు. ఈసీజీ తీసి, గుండెకు ప్రమాదం లేదని నిర్ధారించుకున్న తరువాతే డాక్టరుగారు ఆందోళనను తగ్గించే లోరాజెపామ్ ఇంజెక్షన్ మాట ఎత్తారు. మద్యం తీసుకున్నారా, నొప్పికి ట్రమడాల్ వంటి మాత్రలు వాడుతున్నారా, నిద్రలో ఊపిరి ఆగే ఇబ్బంది ఉందా అని ఆయన ఓపికగా అడిగారు; వీటిలో ఏది తోడైనా ఈ మందు శ్వాసను ప్రమాదకరంగా మందగింపజేయవచ్చు.

నర్సమ్మ మందును అంతే పరిమాణం సెలైన్‌తో పలుచన చేసి, నిమిషానికి 2 మిల్లీగ్రాములు మించకుండా, గోడ గడియారం వైపు చూసుకుంటూ నరంలోకి ఎక్కించారు. నా చూపుడు వేలికి తగిలించిన క్లిప్పు ఎర్రగా వెలుగుతూ, రక్తంలోని ఆక్సిజన్‌ను 97, 98 అని చూపుతూనే ఉంది. కొన్ని నిమిషాలకు బిగుసుకున్న నా పిడికిళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. ఆ తరువాత మాట్లాడుకున్నవి సగం గుర్తు లేవు, అది ఈ మందుకున్న గుణమే. మత్తు మిగిలి ఉంటుందేమోనని మర్నాడంతా బండి ముట్టుకోలేదు.

ఇంట్లో ఉంచుకోవడానికి ఒక ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందున్న చిన్న గాజు సీసా) రాసివ్వమని బతిమాలాను. శ్వాసను కనిపెట్టి చూసేవారు, ఆక్సిజన్ పక్కనే లేనిచోట ఇది వాడకూడదని ఆయన సౌమ్యంగా నిరాకరించి, మానసిక వైద్యుల వద్దకు పంపారు. ఆ నిరాకరణకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞురాలిని.